కొండ దిగేటప్పుడు చేతికర్ర

చైత్ర పౌర్ణమి దగ్గరపడితే నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల పల్లెల నుంచి జనము నల్లమల దారి పడతారు. శ్రీశైలము పోయే పెద్ద రోడ్డుమీద మన్ననూరు దాటి, ఫరహాబాదు వద్ద అడవిలోకి తిరిగి, రాంపూరు చెంచుపెంట దాకా బండ్లమీద పోతారు. అక్కడ నుంచి సలేశ్వరము లోయకు కాలినడకే. నాలుగైదు కిలోమీటర్ల దారి. మొదట అడవిలో సాఫీగా సాగి, తరువాత కొండ అంచు పట్టుకొని, రాళ్ళమీదుగా లోయలోకి దించుతుంది. అడుగున గుండము, పైనుంచి పడే జలధార, గుహలో లింగమయ్య. చెంచులే పూజారులు. ఏడాదికి కొద్ది రోజులు మాత్రమే యాత్రికులను ఆ దారిన పోనిస్తారు; ఆ కొద్ది రోజులలోనే వేలమంది దిగి ఎక్కవలసి వుంటుంది.

ఆ జనములో చాలమంది చేతిలో ఒక వెదురుకర్ర కనిపిస్తుంది. ఇంటి పెద్దలు బయలుదేరే ముందే "కర్ర మరువకండి" అని హెచ్చరిస్తారు. ఉన్నత పాఠశాల విద్యార్థులను కూర్చోబెట్టి, ఈ కర్ర ఎక్కేటప్పుడు ఎక్కువ ఉపయోగమా, దిగేటప్పుడా అని అడిగితే, పదిమందిలో ఎనిమిదిమంది "ఎక్కేటప్పుడే" అంటారు. ఎక్కడము కష్టము, దిగడము సుఖము అని మనకు తోచడమే దీనికి కారణము. ఊపిరి సంగతి చూస్తే వారి మాట నిజమే. మోకాలి సంగతి చూస్తే అది తలక్రిందులవుతుంది. జాతర నుంచి వచ్చిన మర్నాడు, ఆ మర్నాడు కూడ, ఇంటి మెట్లు దిగలేక గోడ పట్టుకొనే మనిషిని అడిగి చూడండి: నొప్పి ఎక్కడ వున్నదో తొడ ముందు భాగమే చూపిస్తాడు. అది దిగుడు పెట్టిన నొప్పి.

దిగేటప్పుడు కాలు చేసే పని ఏమిటో ముందు చూద్దాము. అరవై కిలోల మనిషి 20 సెంటీమీటర్ల మెట్టు దిగినాడనుకోండి. అతని బరువు సుమారు 588 న్యూటన్లు, 0.2 మీటరు కిందికి వచ్చినాడు. అనగా 118 జౌళ్ళ స్థితిశక్తి తగ్గినది. ఈ శక్తి ఎక్కడికో పోవలెను గదా! రాయి దొర్లితే అది వేగముగా మారుతుంది. మనిషి దొర్లకూడదు కాబట్టి, ఆ శక్తినంతా తన కండరాలలో వేడిగా మార్చుకొంటాడు. బ్రేకు పట్టిన బండిచక్రము వేడెక్కినట్లే ఇదీను. అలాంటి మెట్లు వెయ్యి దిగితే, అంటే నిలువున 200 మీటర్లు దిగితే, ఒక లక్షా పదిహేడు వేల జౌళ్ళకు పైగా కాళ్ళు మింగవలసి వుంటుంది.

ఈ బ్రేకు పనిలో ముఖ్య భారము తొడ ముందు కండరానిది. ఎక్కేటప్పుడు అది బిగిసి, కురచ అవుతూ పని చేస్తుంది. దిగేటప్పుడు బిగిసి వుండగానే సాగవలసి వస్తుంది. బావి నుంచి నీళ్ళు చేదడము ఒకటి, నిండు బొక్కెనను చేతులు జారకుండా మెల్లగా లోపలికి దించడము మరొకటి. రెండవ దానిలో ఊపిరి అంత ఖర్చు కాదు. కాని బిగిసి వుండి సాగే కండరములో సన్నని పోగులు అక్కడక్కడ చెడతాయి. వాటి బాధ వెంటనే తెలియదు. ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. జాతర మర్నాటి నొప్పికి ఇదే మూలము.

ఇక మోకాలు. పై కాలు రాతిమీద వుంచి, రెండవ కాలిని కింది రాతికి దింపుతున్నప్పుడు, శరీరభారమంతా వంగిన ఒక మోకాలిమీద వుంటుంది. శరీర గురుత్వకేంద్రము నుంచి కిందికి గీసిన నిలువుగీత మోకాలికి వెనుకగా పోతుంది. ఎంత వెనుక అన్నది మనిషిని బట్టి, వంపును బట్టి మారుతుంది. లెక్కకు 10 సెంటీమీటర్లు అనుకొందాము. 60 కిలోల బరువు 10 సెంటీమీటర్ల దూరాన పనిచేస్తే 600 కిలో-సెంటీమీటర్ల భ్రామకము. అది మోకాలిని ఇంకా వంచి, మనిషిని కూలవేయడానికి చూస్తుంది. దానిని ఆపేది తొడ కండరము. ఆ కండరము మోకాలి చిప్ప మీదుగా వచ్చి ముంగాలి ఎముకను పట్టుకొనే చోట, దాని లాగుడుకు కీలు నుంచి దూరము సుమారు 5 సెంటీమీటర్లే. కాబట్టి అది 120 కిలోల బలముతో లాగితే గాని తూకము సరిపోదు. ఆ లాగుడు, పైనున్న బరువు, రెండూ కీలునే నొక్కుతాయి. దిశలలోని భేదాన్ని విడిచి స్థూలముగా కూడితే 180 కిలోలు! అరవై కిలోల మనిషి మోకాలు ఒక్కొక్క మెట్టుకు తన యజమానికి మూడింతల బరువును ఓరుస్తున్నదన్నమాట.

ఇప్పుడు అతని చేతికి కర్ర ఇద్దాము. కాలు దింపకముందే కర్రను కింది రాతిమీద ఆనించి, దానిమీద 10 కిలోల బలముతో ఒత్తినాడు. పాదముమీద మిగిలినది 50 కిలోలు. అంతకన్న చిత్రమైన సంగతి ఒకటి వున్నది. కర్ర ముందున్నదన్న ధైర్యముతో మనిషి కొద్దిగా ముందుకు వంగుతాడు. కర్ర లేనివాడు పడతానేమోనన్న భయముతో వెనక్కి వాలుతాడు. ముందుకు వంగినప్పుడు పైన చెప్పిన నిలువుగీత మోకాలికి దగ్గరవుతుంది. 10 సెంటీమీటర్లు 9 అయినదనుకోండి. భ్రామకము 450, కండరపు లాగుడు 90, దానికి 50 కలిపితే 140. అనగా 180 నుంచి 140కి దిగినది. చేయి మోసినది పది కిలోలే, మోకాలికి తప్పినది నలభై. పొదుపులో పెద్ద భాగము తులాదండ సూత్రము నుంచి వచ్చింది.

ఇది కాగితముమీది లెక్క. నిజముగా కొలిచి చూచినవారు కూడ వున్నారు. ఆస్ట్రియా దేశములోని సాల్జ్‌బర్గు పరిశోధకులు 25 డిగ్రీల వాలుబల్ల కట్టి, దానిమీద మనుషులను కర్రలతోను, కర్రలు లేకుండాను దింపి, పాదము కింద పడే బలాలను కొలిచి, మోకాలిమీది భారాన్ని లెక్కగట్టినారు. 1999లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారము రెండు కర్రలతో దిగినప్పుడు మోకాలిమీది భారాలు 12 నుంచి 25 శాతము వరకు తగ్గినవి. 25 డిగ్రీలంటే, రెండడుగులు ముందుకు పోతే దాదాపు ఒక అడుగు కిందికి దించే వాలు. సలేశ్వరము దారిలో ఇంతకు తక్కువ వాలూ వున్నది, ఎక్కువ వాలూ వున్నది. బ్రిటనులో మరొక బృందము స్నోడన్ కొండను ఎక్కించి దించి, తరువాతి రోజులలో కండరాల నొప్పిని, బలాన్ని పరీక్షించింది. 2011లో వెలువడిన ఆ పరిశోధనలో కర్రలు పట్టినవారికి నొప్పి తక్కువ, కోల్పోయిన బలము తక్కువ అని తేలింది.

కర్ర శక్తిని మాయము చేయదని విద్యార్థులు గుర్తించవలెను. 10 కిలోల బలముతో కర్రను ఒత్తుతూ 20 సెంటీమీటర్లు దిగితే, సుమారు 20 జౌళ్ళ పని చేతికి, భుజానికి బదిలీ అవుతుంది. మొత్తము 118లో ఆరవ వంతు. అందుచేతనే కర్రలతో నడిచినవానికి చేతులు నొస్తాయి, గుండె కూడ కొంచెము వేగముగానే కొట్టుకోవచ్చును. కాళ్ళకు మిగిలినది చేతులకు చెల్లింది, అంతే. బేరము మాత్రము మంచిదే. ఏమంటే ఆ రోజు చేతులకు వేరే పని లేదు.

భారము సంగతి ఇంతవరకు. అయితే కొండమీద అసలు ప్రమాదము పడిపోవడము. ఒంటికాలిమీద నిలిచిన క్షణములో మనిషికి ఆధారము ఒక పాదమంతే. పాదపు వెడల్పు 8 సెంటీమీటర్లనుకొంటే, మధ్య నుంచి అంచుకు 4. పక్కకు ఒరిగే శరీరాన్ని నిలబెట్టడానికి పాదము చేయగలిగినదల్లా 60 కిలోలను 4తో గుణిస్తే వచ్చే 240 కిలో-సెంటీమీటర్లు. అదే అర మీటరు పక్కన ఆనిన కర్రను 5 కిలోల బలముతో ఒత్తితే 250! చంటిబిడ్డ బరువంత ఒత్తిడితో పాదపు శక్తికి సమానమైన శక్తి వచ్చి చేరుతున్నది. అంత బలము కూడ లేని ముసలివారికి సైతము కర్ర ఎందుకు ధైర్యమిస్తుందో ఈ లెక్క చెబుతుంది. బలము తక్కువైనా దూరము ఎక్కువ కదా.

కర్ర ఎంత పొడవుండవలెను? దుకాణములో దొరికే మడతకర్రలకు చెప్పే నియమము ఇది: చదునునేలమీద నిలబడి పట్టుకొంటే మోచేయి లంబకోణములో వుండవలెను, ఎక్కేటప్పుడు అయిదారు సెంటీమీటర్లు తగ్గించాలి, దిగేటప్పుడు అంతో ఇంకా కొంచెమో పెంచాలి. కారణము తేలికే. దిగేటప్పుడు కర్రమొన మన పాదాలకన్న పల్లములో వుంటుంది. పొట్టికర్ర అందక మనిషి అతిగా ముందుకు వంగి తూలుతాడు. జర్మనీకి చెందిన లేకి అనే సంస్థ ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలతో పొడవు మార్చుకొనే కర్రను 1974లో తెచ్చినప్పటి నుంచి, కొండనడకకు ప్రత్యేకమైన కర్రలు లోకములో వాడుకలోకి వచ్చినవి. అంతకుముందు పర్వతారోహకులు మంచుమీద జారే స్కీ కర్రలనే వాడుకొనేవారు. 1953 జూలై 3వ తేదీన హెర్మన్ బూల్ ఒంటరిగా, ప్రాణవాయువు సీసా లేకుండా, 8,000 మీటర్లకు మించిన నంగపర్బత శిఖరాన్ని ఎక్కి, తన మంచుగొడ్డలిని పైనే విడిచి, స్కీ కర్రల ఊతతో దిగివచ్చినాడు. దారిలో రాత్రి పడితే ఒక చిన్న రాతిగట్టుమీద తెల్లవార్లు నిలబడే వున్నాడు.

మన గొల్లలకు, కురుమలకు ఆ గొట్టాల అవసరము ఎన్నడూ రాలేదు. గద్వాల, వనపర్తి బయళ్ళలో గొర్రెలవెంట పోయే కాపరి కర్రను చూడండి. అది నడుము దాటి, రొమ్ము దాటి, ఒక్కొక్కప్పుడు గడ్డము దాకా వుంటుంది. నిలుచున్నప్పుడు దానిమీద గడ్డమానించి విశ్రమిస్తాడు. గుట్ట ఎక్కేటప్పుడు చేతిని కిందికి జరుపుతాడు, దిగేటప్పుడు పైకి జరుపుతాడు. పొడవు మారవలసినది కర్రది కాదు, పట్టుది. గొట్టము జారి ముడుచుకొంటుందన్న భయము అక్కడ లేదు. మరీ నిటారుగా వున్న చోట రెండు చేతులతో కర్రను పట్టి, ముందు పల్లములో ఆనించి, దానిమీద వాలి మెల్లగా దిగుతాడు. ఖిల్లా ఘనపురము కోటగుట్టవంటి చోట మేకలవెంట దిగే మనిషిని ఎవరైనా పావుగంట గమనిస్తే ఈ వ్యాసములో సగము చదవనక్కరలేదు.

ఒంటికర్రకు ఒక లోపము వున్నది. నడకలో సహజముగా కుడిచేయి ఎడమకాలితో కలిసి కదులుతుంది. కుడిచేత కర్ర పట్టినవానికి ఎడమకాలికే సాయము అందుతుంది; కుడికాలు తన పాట్లు తాను పడుతుంది. అందుకే ఒక మోకాలు నొప్పిగా వున్నవారు కర్రను రెండవవైపు చేత పట్టుకోవలెను. చాలమంది నొప్పి వున్న వైపే పట్టి, శరీరాన్ని ఆ కాలిమీదికే ఒరగవేసుకొంటారు. రెండు మోకాళ్ళు బాగున్నవారు కొంతసేపటికొకసారి చేయి మార్చుకోవచ్చును, లేదా రెండు కర్రలు పట్టవచ్చును. రెండు కర్రలుంటే ఎప్పుడు చూచినా మూడు ఆధారాలు నేలమీద వుంటాయి. ముక్కాలిపీట ఎంత ఎగుడుదిగుడు నేలమీదనైనా కుదురుగా నిలుస్తుందని మనకు తెలుసు గదా.

కర్రమొన జారితే ఇంతసేపు చెప్పినదంతా వ్యర్థమే. జారడము జారకపోవడము రెండు విషయాలమీద ఆధారపడి వుంటుంది: మొనకు రాతికి మధ్య ఘర్షణ గుణకము, కర్ర ఆనిన కోణము. రాతిముఖానికి లంబముగా ఆనిన కర్ర జారదు. లంబము నుంచి వంగిన కొద్దీ పక్కకు తోసే అంశము పెరుగుతుంది. వంపు కోణపు టాంజెంటు ఘర్షణ గుణకాన్ని దాటిన క్షణములో మొన జారుతుంది. గుణకము 0.4 అయితే ఆ కోణము సుమారు 22 డిగ్రీలు. అంటే కర్రను దూరముగా, ఏటవాలుగా పొడిచి దానిమీద బరువు వేయరాదు. పాదానికి ఒక అడుగు ముందు, ఇంచుమించు నిలువుగా ఆనించి, గట్టిగా వున్నదో లేదో ఒకసారి ఒత్తి చూచి, అప్పుడు బరువు వేయవలెను. నల్లమలలో శ్రీశైలము చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేది క్వార్ట్‌జైటు. అది చాల గట్టిరాయి. మామూలు ఇనుపమొన దానిని గీరలేదు. పాదాల రాపిడికి నునుపెక్కిన రాయి, దానిమీద సన్నని ఇసుక లేక ఎండుటాకులు వుంటే, గుణకము ఇంకా పడిపోతుంది. గుండము దగ్గర తడిరాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. అటువంటి చోట రాయి నడిమిమీద కాక, రెండు రాళ్ళ సందులోనో, చిన్న గుంటలోనో మొన పెట్టాలి.

మొన చీలకుండా పెద్దలు కర్రకు ఇనుప పొన్ను వేయించేవారు. నేడు అమ్మే అల్యూమినియము, కార్బను నార కర్రలకు టంగ్‌స్టను కార్బైడు మొన వుంటుంది. అది రాతిని కరచి పట్టుకొంటుంది. బండరాతిమీద, తారురోడ్డుమీద దానికి రబ్బరు తొడుగు వేస్తారు. పొన్నుకర్ర ఈ ప్రాంతానికి కొత్తది కాదు. ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు అమ్రాబాదు పీఠభూమి చెంచుల నడుమ వుండి రాసిన గ్రంథము 1943లో వెలువడింది. గడ్డలు తవ్వుకోవడానికి వాడే, ఇనుపమొన వేసిన కర్ర చెంచుల ముఖ్యమైన పనిముట్లలో ఒకటని అందులో చూడవచ్చును.

వెదురు ఎంపిక గురించి ఒక మాట. లోపల గుల్లగా వుండి, బయట గట్టి నారతో, నడుమ నడుమ కణుపులతో బిగించిన వెదురు తన బరువుకు మించిన దృఢత్వము చూపిస్తుంది. గొట్టము ఆకారములో పదార్థమంతా అంచున చేరడము వలన వంగడము తక్కువ. కణుపులు గొట్టము నొక్కుకుపోకుండా కాపాడతాయి. మన పొడి అడవుల్లో పెరిగే డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అనే జాతికి గుల్ల చాల తక్కువ. లాఠీలు చేసేది దానితోనే. కర్రను ఇంటినుంచే తీసుకొని పోవలెను. సలేశ్వరము అమ్రాబాదు పులుల అభయారణ్యములో వున్నది. అక్కడ వెదురు నరకడము చట్టవిరుద్ధము. పోయేముందు కర్రను రెండు చివరల ఆనించి, నడుమ బరువు వేసి వంచి చూడండి. పగులు చప్పుడు వినిపించిన కర్ర గోడకు చేరవేసి వుంచడానికే తగును.

కర్ర పట్టకూడని చోట్లు కూడ వున్నవి. రెండు చేతులతో రాతిని పట్టుకొని దిగవలసిన చోట కర్ర అడ్డము. దానిని ముందున్నవారికి అందించి దిగాలి. ఇరుకుదారిలో ఎదురుగా ఎక్కేవారు, దిగేవారు ఒరుసుకొనేటప్పుడు కర్రను అడ్డముగా పట్టడము, వెనుకకు చాపడము ఇతరుల కళ్ళకు, కాళ్ళకు అపాయము. అప్పుడు మొన కిందికి వుండేటట్లు శరీరానికి ఆనించి నిలువుగా పట్టుకోవలెను. కొన్న కర్రలకు మణికట్టు పట్టీ వుంటుంది. చేతిని కింది నుంచి పట్టీలోకి దూర్చి, పట్టీతో సహా పిడిని పట్టుకొంటే బరువు మణికట్టుమీద పడి వేళ్ళకు శ్రమ తగ్గుతుంది. కాని పడిపోయే అవకాశమున్న చోట పట్టీ తీసివేయడమే మేలు. కర్ర రాళ్ళలో ఇరుక్కొని మనిషి పడితే బొటనవేలో మణికట్టో విరుగుతుంది. మరొక సంగతి పర్వతారోహకుల వైద్యులు చెబుతారు: ప్రతి నడకకూ కర్రలకే అలవాటుపడితే శరీరపు సహజమైన తూకము మందగిస్తుంది. కుర్రవారు చదునుదారిలో, మామూలు గుట్టమీద కర్ర లేకుండా నడవడమే మంచిది. మోకాళ్ళు అరిగినవారు, భుజాన మూట వున్నవారు, చీకటిపడ్డాక దిగేవారు దానిని విడువరాదు.

ఇదంతా తరగతిగదిలోనే పరీక్షించవచ్చును. మనుషులను తూచే యంత్రాలు రెండు కావలెను. ఒకటి పాఠశాలలో లేకపోతే ఆరోగ్యకేంద్రములోనో, దుకాణములోనో అడిగి తెచ్చుకోవచ్చు. ఒక విద్యార్థిని మొదటి యంత్రముమీద నిలబెట్టి, కర్రమొనను రెండవ దానిమీద ఆనించమనండి. అతని బరువు 40 కిలోలైతే, కర్రను ఒత్తేకొద్దీ 38, 2, 36, 4, 34, 6 అని అంకెలు మారతాయి. కర్ర నిలువుగా వున్నంతవరకు మొత్తము 40కి కర్రబరువు కలిపినంతే వుంటుంది. పది కిలోలు ఒత్తి ఎంతసేపు నిలువగలడో గడియారము చూచి రాసుకోండి. తరువాత ఒక గట్టి పీట అంచున ఒంటికాలిమీద నిలబెట్టి, రెండవ కాలిని మెల్లగా, పది లెక్కపెట్టేలోగా నేలకు దింపమనండి. తొడమీద అరచేయి వుంచుకొంటే కండరము ఎంత బిగుస్తున్నదో అతనికే తెలుస్తుంది. అదే పని కర్రతో చేయించండి.

వాలు కొలవడానికి కోణమానినికి నడుమ దారము కట్టి, చివర చిన్న రాయి వేలాడదీయండి. కోణమాని చదునుఅంచును తలక్రిందులుగా ఒక పొడవు కర్రకు కట్టి, ఆ కర్రను వాలుమీద పరిస్తే, దారము 90 డిగ్రీల గీత నుంచి ఎంత తొలగినదో అదే వాలు కోణము. ఉమామహేశ్వరము కొండదారిలోనో, ఊరి గుట్టమీదనో పది చోట్ల కొలిచి, ఎక్కడ కర్ర లేకుండా దిగగలిగినారో, ఎక్కడ చేయి తనంతట తానే కర్రమీద బిగిసిందో ఆ కోణాల పక్కన రాసి పెట్టుకోండి. చిన్నవాళ్ళ పట్టిక ఒకటి, ఇంట్లో తాతలది ఒకటి విడివిడిగా వుండాలి. రెండింటిలో ఆ కోణము ఒకటిగా వుండదు.